ఇసుక రంగు బండ్లు

ఆరో తరగతి సగంలో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. బడి పెద్దగా బాధపడినట్టు లేదు. కడపలో ఒక లారీ షెడ్డులో రంగులు కలపడం నేర్చుకుని, ఆ చదువుతోనే షార్జా అవతల సజ్జాకు వచ్చి పడ్డాను. సజ్జా అంటే ఫ్యాక్టరీలు, క్యాంపులు, కంకర, వీటన్నిటి మీదా ఎండ. మా ఊళ్ళో మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. ఆ దుబాయ్‌ని నేను చూసిందంతా బస్సు కిటికీలోంచే.

మా గ్యారేజీలో పని ఒకటే. పాత పికప్ బండ్లను తెచ్చి, వాటి వయసు కనబడకుండా చేసి, ఓడల మీద ఆఫ్రికా వైపు పంపే వ్యాపారులకు అప్పజెప్పడం. ముసలి వరుణ్ణి పెళ్ళిచూపులకు తయారు చేసినట్టు ఉండేది. నొక్కులు తీసి రేకు సరిచేసేవాడు కోనసీమ మనిషి. వరసకు ఏమీ కాకపోయినా ఇద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. రంగు నాది. కరెంటు పని చాచాది.

చాచాది సూడాన్. నైలు నదికి పడమటి ఒడ్డున ఒమ్‌దుర్మాన్ అనే ఊరు. వంతెన దాటితే అవతల రాజధాని. మనిషి కరెంటు స్తంభమంత పొడవు. అందుకే ఆ పనిలో పెట్టుకున్నారని నేను అనేవాణ్ణి. చెంపల మీద చిన్నప్పుడెప్పుడో పెట్టిన గాట్లు, చెవి వెనక పెన్సిల్లాగా టెస్టరు. మా ఇద్దరి మధ్యా నడిచేది సజ్జా హిందీ. ఢిల్లీవాళ్ళు వింటే కేసు పెడతారు. మాది ఇంట్లో తెలుగు మాట్లాడుకునే సాయిబుల కుటుంబం కాబట్టి శుక్రవారం నమాజులో ఆయన పక్కనే నిలబడేవాణ్ణి. నమాజు అయ్యాక ఒక చిన్న మట్టి బుడ్డిలో అల్లం దంచి వేసి కాఫీ కాచేవాడు. ఆ కాఫీ వాసనకు శవం కూడా లేచి కూర్చుని చక్కెర అడుగుతుంది.

ఆయన పెళ్ళి కథ మా గ్యారేజీ అంతటికీ కంఠతా వచ్చు. వయసులో ఉన్నప్పుడు బస్సు హెడ్‌లైటు బాగు చేయడానికి తమ దేశంలో పడమటి ఎడారి వైపు పోయాడట. అక్కడి మనుషులు వేరు, యాస వేరు. లైటు పట్టుకోమని ఎవరికో ఇస్తే, పట్టుకున్న అమ్మాయిని చేసుకుని వచ్చేశాడు.

"లైటు ఎలిగిందా చాచా?" అని ప్రతిసారీ అడిగేవాణ్ణి.

"లైటు ఖలాస్. బస్సు ఇంకా అక్కడే ఉంది," అనేవాడు ఆయన, ప్రతిసారీ కొత్తగా నవ్వుతూ.

ఒక్కడే కొడుకు. కాలేజీలో చదువుతున్నాడు. ఫొటో చూపించి, "ముక్కు ఒక్కటే నాది. మొహం, రంగు, యాస అన్నీ వాళ్ళమ్మవే," అని చెప్పుకునేవాడు. ఆ చెప్పడంలో ఫిర్యాదు ఉండేది కాదు, గర్వం ఉండేది.

చాచాకు నేను నేర్పింది ఒకే ఒక్క విద్య, మిస్డ్ కాల్. మనవాళ్ళకు అది పుట్టుకతో వచ్చినట్టు వస్తుంది గాని ఆయనకు తెలియదు. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే, 'మామూలే, కొత్తేమీ లేదు' అని. ఆగకుండా మోగిందంటే మాట ఉందని, ఎత్తాలని. ఆయన కొడుక్కి చెప్పాడు. అప్పట్నుంచి శుక్రవారం కాఫీ వేళకు చాచా జేబులో ఒక్క రింగు మోగి ఆగేది. ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని, "అల్‌హందులిల్లాహ్," అని కాఫీ వంచేవాడు. ఎత్తకుండానే కొడుకుతో మాట్లాడేసిన తండ్రి మొహం అది.

ఇసుక రంగు సంగతి ఇక్కడ చెప్పాలి. చలికాలంలో ఇక్కడి అరబ్బులు చేతి మీద డేగను పెట్టుకుని ఎడారిలోకి వేటకు పోతారు. అలాంటి పెద్దమనిషి ఒకాయన, తెల్ల పికప్‌కు ఇసుక రంగు వేయమన్నాడు. మెరుపు వద్దన్నాడు. నా పనితనమంతా మెరుపులో ఉంది. నేను రంగు వేసిన తలుపులో చూసుకుని మీసం కత్తిరించుకోవచ్చు.

"మెరుపు లేని రంగేంది చాచా, ఉప్పు లేని సంగటి మాదిరి," అని రెండు రోజులు గొణుగుతూనే వేశాను. ఆయన సంతోషంగా తీసుకెళ్ళాడు.

ఆ తరువాతి ఏడాది ఒక వ్యాపారి వచ్చి, ఓడెక్కే బండ్ల వరసకు వరసే ఇసుక రంగు వేయమన్నాడు. ఇంకొకటి కూడా అడిగాడు. స్టీరింగు కింద ఒక్క స్విచ్ నొక్కితే ముందు లైట్లు, వెనక లైట్లు, ఆఖరికి బ్రేకు లైటు కూడా ఆరిపోవాలి.

"ఇదేం చోద్యం బావా," అన్నాడు కోనసీమ బావ సుత్తి దించి. "బ్రేకు లైటు ఎలక్కపోతే ఎనకాలొచ్చేవోడు గుద్దెయ్యడూ?"

"ఎడారిలో ఎనకాల యెవురొస్తారు బావా, ఒంటె తప్ప?"

"ఒంటె మాత్రం గుద్దకూడదేటి, ఆయ్?"

చాచా బండి కింద నుంచి తల బయటపెట్టాడు. "శికార్," అన్నాడు, తెలిసినవాడిలాగా. "జింక. లైటు పడితే జింక పారిపోతుంది."

అందరికీ అర్థమైపోయింది. వేట బండ్లు. మాకు తెలిసిన ఇసుక రంగు అదే మరి. వ్యాపారి చెప్పలేదు, మేము అడగలేదు. చాచా ఆ స్విచ్‌ను ఎంత ముచ్చటగా అమర్చాడంటే, చీకట్లో వేలు దానంతటదే దాని మీదికి పోతుంది. టక్‌మంటే బండి మాయం. బావ దానికి గుడ్డి స్విచ్ అని పేరు పెట్టాడు.

"ఈ రంగుకు ఈ స్విచ్చి తోడైతే చాచా," అన్నాను, "ఓనరు ఒంటికి పోయి తిరిగొచ్చేలోపు ఆయనకే బండి కనపడదు. అట్నుంచి అటే నడుచుకుంటా ఇంటికి పోవాల్సిందే."

చాచా తలపాగా కొసతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ మాట వారం రోజులు గ్యారేజీలో నలిగింది.

అది రెండు వేల ఎనిమిది ఎండాకాలం. శనివారం సాయంత్రం చాయ్ తాగడానికి గ్యారేజీ పక్కన మలబారీ కెఫ్టీరియాకు పోయాం. టీవీలో అరబ్బీ వార్తలు. మామూలుగా అక్కడ ఎవరూ టీవీ చూడరు, దాని కింద ఉన్న ఫ్యాను కోసం కూర్చుంటారు. చాచా గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"చాచా, చాయ్ చల్లారతాంది."

 తెర మీద ఒక వీధి, మట్టి గోడలు, దూరంగా నల్లటి పొగ.

"ఏమైంది?" అన్నాను.

"ఒమ్‌దుర్మాన్," అన్నాడు. "అది బజారుకు పోయే దారి."

ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పడమటి ఎడారిలో ఏళ్ళ తరబడి పోరాడుతున్న తిరుగుబాటుదారులు, ఎవరూ ఊహించని విధంగా ఆ ఎడారంతా దాటుకుని పికప్ బండ్ల మీద ఊళ్ళోకి వచ్చేశారట. వంతెన దాటి రాజధానిలోకి పోవాలని వాళ్ళు, వంతెన దగ్గరే ఆపాలని సైన్యం. మధ్యలో ఒమ్‌దుర్మాన్ వీధులు. ఎవరూ బయటికి రావద్దని కర్ఫ్యూ.

అప్పుడు తెర మీదికి ఒక బండి వచ్చింది. పైకప్పు కోసేశారు. వెనక మరతుపాకీ బిగించారు. ఒళ్ళంతా బురద పూసి ఉంది. బురద రాలిన చోట ఇసుక రంగు. మెరుపు లేదు.

నేను బావను చూశాను. బావ చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. ముగ్గురిలో ఎవరమూ వేట మాట ఎత్తలేదు.

చాచా కొడుక్కి ఫోను చేశాడు. లైను కలవడం లేదని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. భార్యకు చేశాడు. అదే గొంతు. ఆ సాయంత్రమంతా, మర్నాడంతా ఆ గొంతుతోనే మాట్లాడాడు. మూడో రోజు పొద్దున హారన్ వైరు తీసుకుపోయి వైపరుకు కలిపాడు. హారన్ నొక్కితే అద్దం తుడుచుకుంది. ఇంకొక రోజైతే నేను దాని మీద నెల రోజులు బతికేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. గ్యారేజీ నడిపే మేనేజరు, మేము ముదీర్ అనేవాళ్ళం, వచ్చి చూసి, అరవబోయి, "యల్లా, ఇంకోసారి చెయ్," అని మాత్రం అనేసి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేను. అది నాకు జబ్బు. "ఒక్క రింగు చాచా," అన్నాను పక్కన కూర్చుని. "పిల్లోడు యాడున్నా ఒక్క రింగు ఇస్తాడు. వానికి అలవాటు జేసింది యెవురు? నేను. నా శిష్యుడు వాడు."

ఆ మధ్యాహ్నం అన్నాలు తింటుండగా మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

చాచా జేబు మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు. మెతుకులు అంటిన చేత్తోనే బావ ఆయన్ను కావలించుకున్నాడు. చాచా అప్పుడు ఏడ్చాడు. మనిషి పొడుగు కదా, ఏడిస్తే ఎక్కడో పైన ఏడ్చినట్టు ఉంది.

ఆ సాయంత్రం శుక్రవారం కాకపోయినా కాఫీ కాచాడు. అల్లం వాసన ముదీర్ గదిదాకా పోయి ఆయన కూడా వచ్చాడు. ఒక పళ్ళెం నిండా ఖర్జూరాలు. చాచా అందరికీ తన చేత్తో పెట్టాడు. "మా సైన్యం ఊరిని నిలబెట్టింది," అన్నాడు. "వంతెన దాటనివ్వలేదు."

"మీ సైన్యం గెలిస్తే మాకు ఖర్జూరాలేంది చాచా? వాళ్ళను గూడా పిలువు, ఇంకో బుడ్డి పెడదాం."

"వస్తారు, వస్తారు. ముందు నువ్వు తిను, నోరు మూతపడుతుంది."

అందరం కలిసి కెఫ్టీరియాకు పోయాం. టీవీలో జనం జెండాలు ఊపుతున్నారు. పట్టుబడిన బండ్లను వరసగా నిలబెట్టి చూపిస్తున్నారు. ఒక బండి తలుపు తెరిచి ఉంది. చాచా లేచి తెర దగ్గరికి పోయి, వంగి, స్టీరింగు కింద వేలు పెట్టి చూశాడు. టీవీ మీద వేలి మచ్చ పడుతుందని మలబారీ అరిచాడు. ఇంతలో కెమెరా పక్కకు పోయింది.

"మనదేనంటావా?" బావ నా చెవిలో గొణిగాడు.

చాచాకు తెలుగు రాకపోయినా ఆ ప్రశ్న అర్థమైంది. "దునియాలో పికప్‌లకు కరువా?" అన్నాడు. ఆ తరువాత ఎవరు అడిగినా అదే మాట. నాకు ఇప్పటికీ అంతకన్నా తెలియదు.

బండ్ల తరువాత మనుషుల్ని చూపించారు. పట్టుబడినవాళ్ళు, నేల మీద మోకాళ్ళు ముడుచుకుని, వరసలుగా. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు, చాలామంది కుర్రాళ్ళే. కెఫ్టీరియాలో ఉన్న ఒకరిద్దరు సూడానీలు చప్పట్లు కొట్టారు. చాచా కూడా కొట్టాడు. ఊరు దక్కింది, కొడుకు దక్కాడు, మనిషి ఇంకేం చేస్తాడు?

ఆ శుక్రవారం నమాజు అయ్యాక బుడ్డి పొయ్యి మీద పెట్టాడు. కాఫీ పొంగింది. ఫోను మోగలేదు. రెండోసారి కాచాడు. అది తాగడం కూడా అయిపోయాక మోగింది. ఒక్క రింగుతో ఆగలేదు. మోగుతూనే ఉంది. చాచా దాన్ని అరచేతిలో పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఎత్తు చాచా," అన్నాను.

భార్య. ఆమె గొంతు నా దాకా వినబడుతోంది, మాటలు తెలియలేదు.  చాచా "ఎక్కడ?" అని ఒకసారి, "ఎవరు?" అని ఒకసారి అడిగాడు. తరువాత చాలాసేపు విన్నాడు.

కర్ఫ్యూ సడలించాక కొడుకు రొట్టె తేవడానికి వీధి చివరికి పోయాడట. అక్కడ తుపాకుల వాళ్ళు కుర్రాళ్ళను ఆపి పేరు అడుగుతున్నారు, ఏ ఊరని అడుగుతున్నారు. అడగడం మాట వినడానికే. మాట పడమటిదైతే ఒక పక్కకు నిలబెడుతున్నారు. ఇతను ఈ వీధిలోనే పుట్టాను, ఇదే మా ఇల్లు అన్నాడట. అన్నది వాళ్ళమ్మ యాసలో. మొహం వాళ్ళమ్మది. లారీ ఎక్కించారు. రొట్టెల దుకాణంవాడు చూసి వచ్చి చెప్పాడు. ఎవరు తీసుకెళ్ళారో, ఎక్కడికో ఆమెకు తెలియదు.

చాచా ఫోను పెట్టేసి, బుడ్డి కడిగి బోర్లించాడు. కాసేపటికి, "ఫొటో చూశావు కదా," అన్నాడు. "ముక్కు నాదే కదా?"

"నీదే చాచా. అచ్చం నీదే."

"ముక్కు ఎవరూ చూడలేదు."



ఆ రోజు నుంచి చాచా పని కాగానే కెఫ్టీరియాకు పోయేవాడు. ఫ్యాను కింద కాదు, తెరకు ఎదురుగా కూర్చునేవాడు. అవే వరసలు మళ్ళీ మళ్ళీ చూపించేవాళ్ళు. మొన్న చప్పట్లు కొట్టిన వరసల్లోనే ఇప్పుడు ఒక్కొక్క మొహాన్ని వెతుక్కునేవాడు. కెమెరా జరిగిపోతుంటే మెడ చాచి పక్కకు చూసేవాడు, తెర అవతల ఇంకా మనుషులున్నట్టు. నేనూ బావా చెరో పక్కన కూర్చుని ముక్కులు చూసేవాళ్ళం. ఆ సూడానీలలో ఒకడు ఒక సాయంత్రం చాచాకు ఏదో చెప్పాడు. చాచా లేచి గ్లాసు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాడు.

"ఏమన్నాడు చాచా?"

"ఊరికే పట్టుకోరు, ఏదో ఉండి ఉంటుంది అన్నాడు." కొంచెం దూరం నడిచాక ఆగాడు. "నేను కూడా అదే అనేవాణ్ణి. వేరేవాళ్ళ కొడుకైతే."

పోవాలనుకున్నాడు. పాస్‌పోర్టు ముదీర్ దగ్గర ఉంది. ఎక్కడైనా అంతే, పాస్‌పోర్టు ఒకరిది, బీరువా ఇంకొకరిది. నేనూ బావా కూడా వెంట పోయి నిలబడ్డాం. ముదీర్ ముందు మా వీసాల యజమాని కఫీల్‌ను అడగాలన్నాడు, తరువాత బండ్లు ఆగిపోయాయన్నాడు, వైర్లు ఎవరు చూస్తారన్నాడు.

"నేను చూస్తా సార్," అన్నాను. "హారన్ నొక్కితే వైపరు తిరిగేట్టు చేసిచ్చే బాధ్యత నాది."

ముదీర్ నన్ను చూశాడు, చాచాను చూశాడు. బీరువా తెరిచాడు.

బయలుదేరే ముందు రోజు ఒక అరబ్బు పెద్దమనిషి వచ్చాడు. పికప్ తెల్లది. ఇసుక రంగు కావాలి, లైట్లు ఆర్పే స్విచ్ కావాలి. సీటులో నిజంగానే డేగ ఉంది, కళ్ళకు తోలు టోపీతో. చాచా ఆయనకు సలాం చెప్పి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. డేగను చాలాసేపు చూశాడు. టెస్టరు చెవి వెనక నుంచి తీసి నా చేతిలో పెట్టి, "నేను చెయ్యను. నీ ఇష్టం," అని వెళ్ళి సామాను సర్దుకున్నాడు. ఆ బండికి రంగు నేనే వేశాను. స్విచ్ ఇంకెవరో పెట్టారు.

ఎయిర్‌పోర్టు దగ్గర చాచా తెల్ల జుబ్బా, తలపాగాతో పెళ్ళికి పోతున్నట్టు ఉన్నాడు. బుడ్డి నాకు వదిలేశాడు.

"ఫోన్లు చేసి దుడ్లు తగలెయ్యాకు," అన్నాను. "శుక్రవారం శుక్రవారం ఒక్క రింగు ఇయ్యి. కొత్తేమీ లేదని తెలుసుకుంటా. పిల్లోడు దొరికితే మోగిస్తానే ఉండు, ఎత్తుతా."

"మామూలే," అన్నాడు ఆయన. ఆ తెలుగు మాట ఒక్కటి వచ్చు ఆయనకు. నేను నేర్పిందే.

శుక్రవారాలు గడిచాయి. ఆ బుడ్డిలో నేను కాచిన కాఫీని బావ, "దీనికన్నా థిన్నరు నయం," అనేవాడు. తాగుతుండగా ఒక్క రింగు వచ్చి ఆగేది. మధ్యలో ఒకసారి ఒక సూడానీ డ్రైవరు వచ్చి, చాచాను చూశానని చెప్పాడు. రోజూ ఒక పెద్ద గేటు ముందు నిలబడుతున్నాడట. అక్కడ చాలామంది తల్లులు, తండ్రులు. ఎండకు గోడ నీడ జరిగేకొద్దీ అందరూ జరుగుతారట. లోపల ఎవరున్నారో ఎవరూ చెప్పరట.

చలికాలం మొదట్లో బండ్లు తగ్గిపోయాయి. వ్యాపారాలు పడిపోతున్నాయని, మనుషుల్ని పంపించేస్తారని సజ్జా అంతా ఒకటే మాట. ఇసుక రంగు అడిగేవాడే లేడు. అలాంటి ఒక శుక్రవారం ఫోను మోగింది. ఆగలేదు. బావ గ్లాసు కింద పెట్టాడు.

"చాచా!"

"వచ్చాడు," అన్నాడు. అలసిపోయిన గొంతు. "పొద్దున వీధి చివర వదిలేసి పోయారు. ఆ రొట్టెల దుకాణం దగ్గరే."

"అల్‌హందులిల్లాహ్! ఎట్లుండాడు?"

"నడుస్తాడు. తింటాడు, పెడితే." కాసేపు లైనులో గాలి చప్పుడు. "మాట్లాడడు. చీకటి పడితే ఇల్లంతా తిరిగి లైట్లు ఆర్పేస్తాడు. నేను వేస్తాను, వాడు ఆర్పేస్తాడు. లైటు ఉంటే కనబడతామంటాడు. ఆ ఒక్క మాటే మాట్లాడతాడు."

బావ నా మొహం చూసి ఏమిటని సైగ చేశాడు. నాకు చాచా వేలు గుర్తొచ్చింది, స్టీరింగు కింద వెతుక్కుంటూ. ఆయనకూ గుర్తొచ్చే ఉంటుంది. నా నాలుక మాత్రం దాని పుట్టుబుద్ధి మానుకోలేదు.

"కరెంటు బిల్లు మిగులుతాది లే చాచా," అన్నాను.

అన్నాక, ఫోను నేలకేసి కొట్టాలనిపించింది.

 అవతల చాచా నెమ్మదిగా, "ఈ మాట వాడికి చెప్తాను," అన్నాడు. "వాడు నీ మాటలకు నవ్వేవాడు. ఒంటికి పోయిన ఓనరు మాట కూడా చెప్పాను అప్పట్లో, తెగ నవ్వాడు. ఇది చెప్పి చూస్తాను. నవ్వితే మోగిస్తాను."

తరువాతి శుక్రవారం బుడ్డిలో కాఫీ పొంగుతుండగా ఫోను మోగింది. బావా నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఒక్క రింగు. ఆగిపోయింది.